ఆర్గనైజేషన్ థియరీ, బిజినెస్ ఎథిక్స్ ఎలా చదవాలంటే

ఈ రెండూ విడివిడిగా బట్టీ పట్టకండి, ఒకే కేసు పట్టుకుని రెండువైపుల నుంచీ చూడండి. నాసా వాళ్ల అంతరిక్ష నౌక ఛాలెంజర్ షటిల్ ఉంది కదా, 1986 జనవరి 28న ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైపోయి ఏడుగురు పోయారు, ముందురోజు రాత్రే ఇంజనీర్లు చలికి రబ్బరు ఓ-రింగులు (రాకెట్ అతుకుల్లోంచి వేడి గ్యాసు లీకవకుండా ఆపే రింగులు) గట్టిపడతాయి, వద్దు మొర్రో అన్నా మేనేజర్లు వినలేదు. ఇప్పుడు పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు ఆ మాట పైదాకా ఎందుకు పోలేదో (సోషియాలజిస్టు వెబర్ చెప్పిన హైరార్కీ, అంటే పైనుంచి కిందిదాకా అధికారపు మెట్లు, ఇక్కడ పనికొస్తుంది), కుడివైపు తప్పెవరిదో, కాంట్ (ఫలితం ఎలా ఉన్నా కర్తవ్యమే ముఖ్యమన్న ఫిలాసఫర్) ఏమంటాడో, మిల్ (ఎక్కువమందికి ఎక్కువ మేలు జరిగితే అదే సరైనదన్న ఫిలాసఫర్) ఏమంటాడో రాయండి. డెఫినిషన్లు చివర్లో ఒకసారి చూస్కుంటే చాలు. కంపెనీ పని లాభాలే అని ఎకనామిస్టు ఫ్రీడ్‌మన్ 1970లో చేసిన వాదన మాత్రం నచ్చకపోయినా ముందు దాని తరఫున గట్టిగా రాసి తర్వాత తిట్టండి, నేను డైరెక్టుగా తిట్టేసి మార్కులు పోగొట్టుకున్నా.