స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లకి గుండెల్లో మంట: నేను చేసుకున్న ఏర్పాట్లు

నాకు స్క్లెరోడెర్మా, అంటే చర్మమూ లోపలి అవయవాలూ గట్టిపడే జబ్బు, వచ్చి తొమ్మిదేళ్లు. చన్నీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడటం, చర్మం బిగుసుకోవడం ఇంట్లో అందరికీ కనిపించేవి. గుండెల్లో మంట మాత్రం ఎవరికీ కనిపించదు కదా. గ్యాస్ ట్రబులే అనుకుని రెండేళ్లు సోడా, జీలకర్ర నీళ్లు తాగుతూ గడిపేశాను.

చివరికి రుమటాలజీ (కీళ్లవాతం, ఇలాంటి జబ్బులు చూసే) డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. అన్నవాహికలో కిందిభాగం కండరం ముద్దను కడుపులోకి నెట్టాలి. ఈ జబ్బులో అది నీరసించిపోతుంది. కడుపు మొదట్లో మూతలా బిగుసుకునే చోటు కూడా వదులవుతుంది. అంటే ముద్ద తన బరువుతోనే దిగాలి, కడుపులోని పులుపు (యాసిడ్) పైకి తన్నుకొస్తే ఆపేదేమీ లేదు. నేను చేసేవన్నీ దీన్ని బట్టే.

ముందు మంచం సంగతి చూడండి. తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పడుకోబెట్టి పేర్చండి, ఆరంగుళాలు లేస్తుంది. కోడు జారకుండా పైన పాత గోనెపట్టా ముక్క వేయండి. దిండ్లు పెంచితే లాభం లేదు, నడుము దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట మీద ఒత్తిడి పడుతుంది. మొదటి వారం మా ఆయన "ఇదేం జారుడుబల్ల" అని విసుక్కున్నారు. ఇప్పుడు ఆయనకే అలవాటైపోయింది. పడుకునేది ఎడమవైపు తిరిగి.

రాత్రి భోజనం ఏడింటికల్లా అయిపోవాలి, పడక పదికి. పెళ్లిళ్లకి వెళ్తే ఇంట్లో తినే వెళ్తాను, ఎవరేమనుకున్నా సరే.

నోరు పూర్తిగా తెరుచుకోదు కాబట్టి నాది పిల్లల చెంచా. పొడిపొడి అన్నం, ఉప్మా ఛాతీ మధ్యలో ఆగిపోతాయి. అందుకే అన్నాన్ని మెత్తగా వండి, పప్పుచారు పోసి జారుగా కలుపుతాను. నాలుగు ముద్దలకోసారి గుక్కెడు నీళ్లు. ఆవకాయ మానలేదు. మధ్యాహ్నం మాత్రమే, అదీ కాస్త. ఆ తర్వాత రాత్రిదాకా నడుం వాల్చను కదా.

కడుపులో యాసిడ్ తగ్గించే మాత్ర పాంటోప్రజోల్ టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. నేను తిన్నాక వేసుకుంటూ, మందు పనిచేయట్లేదని చాలాకాలం సణిగాను.

ఉబ్బరం, విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే అది పేగు సంగతి. కదలిక మందగించిన పేగులో బాక్టీరియా పెరిగిపోతే ఇలా అవుతుంది, దానికి డాక్టర్లు యాంటీబయాటిక్ కోర్సు రాస్తారు. పీచు మంచిదని మా వదిన ఇసబ్గోల్ ఇస్తే నా పొట్ట డప్పులా అయింది. అడక్కుండా మొదలుపెట్టకండి.

మలం తారులా నల్లగా వచ్చినా, ముద్ద అడ్డుపడి నీళ్లు కూడా దిగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రాత్రిళ్లు దగ్గు వస్తున్నా, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తున్నా డాక్టరుకి చెప్పండి. పైకి తన్నిన పులుపు ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. నల్ల మలం సంగతికొస్తే, కడుపులో రక్తం కొద్దికొద్దిగా కారిపోతూ ఒంట్లో రక్తం తగ్గిపోవడమూ ఈ జబ్బులో ఉంది.

ప్రతి నెలా ఒకటో తారీకున బరువు చూసుకుని వంటింటి క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే రాస్తాను. పోయిన నెల 47, ఈ నెల నలభై ఏడున్నర.