లాక్రోస్ బూట్లు కొనేముందు ఒకసారి గ్రౌండ్‌కి వెళ్లి రండి

మేరీలాండ్‌లో కొలంబియా, ఎలికాట్ సిటీ వైపు కొత్తగా ఇల్లు తీసుకున్న మనవాళ్లు ఫిబ్రవరి వచ్చేసరికి అడిగే ప్రశ్న ఒకటుంటుంది. "మా వాడు ఫ్రెండ్స్‌తో కలిసి లాక్రోస్ ఆడతానంటున్నాడు. ఏమేం కొనాలి?" లాక్రోస్ అంటే చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరి గోల్ చేసే ఆట. మేరీలాండ్‌లో ఇది తప్పదు. 2004లో ఈ రాష్ట్రం లాక్రోస్‌ను తన అధికారిక టీమ్ క్రీడగా ప్రకటించుకుంది. హోడెనోషోనీ వంటి ఉత్తర అమెరికా మూలవాసులు వందల ఏళ్లుగా పవిత్రంగా ఆడుకుంటున్న ఆట ఇది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో మన క్రికెట్‌తో పాటు ఇదీ ఉంటుంది. పిల్లలు అడిగితే సంతోషంగా చేర్పించండి.

స్టిక్, మౌత్‌గార్డ్, అబ్బాయిలకైతే హెల్మెట్, ప్యాడ్స్, అమ్మాయిలకు కళ్లజోడు లాంటి గాగుల్స్... వీటన్నిటికీ లీగ్ వాళ్లు వివరంగా జాబితా పంపుతారు. ఆ జాబితా చివర మాత్రం 'క్లీట్స్' (అడుగున నేలని పట్టుకునే బొడిపెలు, అంటే స్టడ్స్, ఉన్న బూట్లు) అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. ఎలాంటి క్లీట్స్, ఏ నేల మీదకి అన్నది ఎవరూ చెప్పరు. మేం పొరపాటు పడింది అక్కడే.

మా అమ్మాయి మొదటి సీజన్‌లో, స్కూలుకి వేసుకెళ్లే రన్నింగ్ షూస్ ఉన్నాయి కదా, చాలనుకున్నాం. మార్చి నెల, పొద్దున్నే ప్రాక్టీసు, ముందురోజు రాత్రి వాన. గడ్డి పైకి పచ్చగా, పొడిగానే కనిపించింది. బంతి కోసం పరిగెత్తి ఒక్కసారిగా పక్కకి తిరగబోయి పడింది. లేచి మళ్లీ పరిగెత్తి మళ్లీ పడింది. మూడోసారి నా దగ్గరికొచ్చి, "అమ్మా, కాలు నిలబడట్లేదు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. పిల్లకి ఆట రాక కాదు, మేం సరైన బూట్లు కొనక.

అందుకే నా సలహా ఒక్కటే. షాపుకి వెళ్లేముందు షెడ్యూల్ తెరిచి, ప్రాక్టీసు ఎక్కడో, మ్యాచ్‌లు ఎక్కడో చూడండి. ఒక సాయంత్రం అటు వెళ్లి నేల మీద అరచెయ్యి పెట్టి నొక్కండి. మట్టి తగిలితే అసలు గడ్డి. ప్లాస్టిక్ పోచల మధ్య ఉప్మా రవ్వ కంటే కాస్త లావుగా నల్ల రబ్బరు రవ్వ చేతికి అంటుకుంటే అది టర్ఫ్. బూట్లు ఆటని బట్టి కాదు, ఈ నేలని బట్టి కొనాలి.

గడ్డి గ్రౌండ్‌కి అడుగున అచ్చుపోసిన గట్టి ప్లాస్టిక్ లేదా రబ్బరు స్టడ్స్ ఉన్న మామూలు క్లీట్స్ సరిపోతాయి. బురద నేల కోసం మరలు తిప్పి మార్చుకునే పొడవాటి స్టడ్స్ కూడా దొరుకుతాయి గానీ, పిల్లలకి వాటి మీద డబ్బు పెట్టకండి. ఇక్కడ బాగా వాన పడితే గడ్డి పాడవుతుందని గ్రౌండ్లే మూసేస్తారు. 'ఫీల్డ్స్ క్లోజ్డ్' అని మెసేజ్ వస్తుంది, ప్రాక్టీసు రద్దవుతుంది, లేదంటే టర్ఫ్‌కి మారుతుంది.

సాకర్ క్లీట్స్ ఇంట్లో ఉంటే వాడొచ్చా అంటే, మొదటి సీజన్‌కి నిస్సంకోచంగా వాడండి. తేడా ఏమిటో మాత్రం తెలుసుకోండి. లాక్రోస్ బూటుని తిరగేసి చూస్తే బొటనవేలి కింద, సరిగ్గా ముందు అంచున, ఒక స్టడ్ ఉంటుంది. నిలబడ్డ చోటి నుంచి ఒక్క ఉదుటున పరుగు అందుకోవడానికి అది నేలని పట్టుకుంటుంది. సాకర్‌లో బంతిని తన్నేటప్పుడు అది నేలకి తగులుకుంటుంది కాబట్టి వాటికి పెట్టరు. బేస్‌బాల్ వాళ్లు వేసుకునే ఇనుప ముళ్ల బూట్లు మాత్రం తేవద్దు. ఎదుటి పిల్లల కాళ్లు చీరుకుపోతాయి.

టర్ఫ్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్కడ జారడం కంటే పట్టు ఎక్కువైపోవడమే ప్రమాదం. పొడవాటి స్టడ్ ఆ పోచల్లో ఇరుక్కుంటే పాదం అక్కడే ఉండిపోయి, ఒళ్లు తిరిగిపోతుంది. ఆ మెలి అంతా మోకాలు మీద పడుతుంది. ఇలా ఆగి తిరిగే ఆటల్లో మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. కాబట్టి ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఎక్కువగా టర్ఫ్ మీదే ఆడితే, అడుగంతా పొట్టి రబ్బరు బొడిపెలు ఉండే టర్ఫ్ షూస్ కొనండి. రెండూ కలిసి ఉంటే పొట్టి స్టడ్స్ ఉన్న అచ్చు క్లీట్స్‌తో రెండు చోట్లా నెట్టుకురావచ్చు. సాకర్ రకాల పెట్టెల మీద ఎఫ్‌జీ అంటే గట్టి గడ్డినేల, ఎస్‌జీ అంటే మెత్తటి తడినేల, ఏజీ, టీఎఫ్ అంటే టర్ఫ్.

చలికాలంలో ఇండోర్ ఆటలుంటాయి. చెక్క ఫ్లోర్ మీదైనా, ఐస్ తీసేసిన హాకీ రింక్‌లో కాంక్రీటు మీదైనా క్లీట్స్ పనికిరావు. ఇండియా నుంచి తెచ్చుకున్న బ్యాడ్మింటన్ షూస్ ఉంటే హాయిగా వాడుకోండి. అడుగుని తెల్ల కాగితం మీద గట్టిగా రుద్ది, గీత పడకపోతే జిమ్‌లోకి రానిస్తారు.

ఇక సైజు. 'ఎదిగే కాలు కదా' అని రెండు సైజులు పెద్దవి కొనే అలవాటు మనది. దయచేసి ఇక్కడ వద్దు. ఆగినప్పుడల్లా పాదం ముందుకి జారి గోరు బూటుకి గుద్దుకుంటుంది. నల్లబడ్డ ఆ గోరు చూస్తే మీకే ప్రాణం ఉసూరుమంటుంది. బొటనవేలి ముందు అర అంగుళం లోపు ఖాళీ, మడమ పైకి లేవకూడదు, అంతే. ఆటలో తొడుక్కునే మందపాటి సాక్స్‌తోనే, సాయంత్రం పూట తొడిగి చూడండి. ఇండియాలో చాలా బ్రాండ్లు బ్రిటన్ లెక్క వాడతాయి, ఆ నంబరు ఇక్కడ చెప్పకండి. షాపులో పాదం కొలిపించండి. అమ్మాయిలకి పిల్లల సైజుకీ ఆడవాళ్ల సైజుకీ ఒకటిన్నర, రెండు తేడా ఉంటుంది. పిల్లల సైజు పడితే అదే తీసుకోండి, తరచూ చవగ్గా వస్తుంది. ప్లే ఇట్ అగైన్ స్పోర్ట్స్ లాంటి షాపుల్లో ఒక్క సీజన్ వాడినవి దొరుకుతాయి. స్టడ్స్ అరిగాయేమో చూసి తెచ్చుకోండి.

తడిసిన బూట్లని హీటర్ దగ్గర పెట్టకండి, డ్రయ్యర్‌లో వెయ్యకండి. అతుకు ఊడిపోతుంది. లోపలి మెత్త బయటికి తీసి, పోస్టులో వచ్చే కూపన్ల కాగితాలు ఉండచుట్టి కూరండి. పొద్దుటికి ఆరతాయి. పార్కింగ్ లాట్‌లో క్లీట్స్‌తో నడవనివ్వకండి. చెప్పులతో గ్రౌండ్ దాకా వెళ్లి అక్కడ మార్చుకోవాలి. టర్ఫ్ నుంచి వచ్చేటప్పుడు కారెక్కకముందే బూట్లు, సాక్స్ రెండూ దులిపించండి. కారులో ఒక పాత తువ్వాలు ఉంచుకోండి. లేదంటే ఆ నల్ల రవ్వ గడప దాటి, వారం తర్వాత కూడా దేవుడి గది ముందు కాలికి తగులుతూనే ఉంటుంది.