పిల్లిని ఊరవతల వదలకండి, ఇసుక కుప్ప మీద పట్టా కప్పండి

మా చెల్లె కాన్పుకు హనుమకొండకు, తల్లిగారింటికి వచ్చిన రోజే పక్కింటి పెద్దమ్మ మా పిల్లిని చూసి "కడుపుతో ఉన్న పిల్ల దగ్గర ఇదేంది బిడ్డా, బస్తాలో కట్టి ఊరవతల వదిలిరా" అంది. తమ్ముడేమో ఫోన్‌లో ఏదో చదివి, పిల్లి నుంచి వచ్చే పురుగు మనిషి మెదడులో చేరి ఆడిస్తుందట అని అందరికీ ఇంకో టెన్షన్ పెట్టాడు. మీ ఇంట్లోనూ ఇదే గోల ఉంటే ముందు విషయం తెలుసుకోండి, పిల్లి సంగతి తర్వాత చూద్దాం.

అది పురుగు కాదు, కంటికి కనపడని ఏకకణ పరాన్నజీవి. పేరు టాక్సోప్లాస్మా గోండీ, 1908లోనే గుర్తించారు. ఇది గుడ్లలాంటి రూపాలను తయారుచేసుకునేది పిల్లి జాతి జంతువుల పేగుల్లోనే, అందుకని ఎలుకలో చేరినా మళ్ళీ పిల్లి కడుపులోకి పోవాలి. సోకిన ఎలుకకు పిల్లి మూత్రం వాసనంటే భయం తగ్గుతుందని, కొన్నయితే ఆ వాసన వైపే పోతాయని 2000లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. కెన్యాలో సోకిన దుమ్ములగొండి పిల్లలు సింహాలకు మరీ దగ్గరగా వెళ్ళడం కూడా గమనించారు.

మనుషుల మాటకొస్తే ఇంత గట్టిగా చెప్పలేం. చెక్ శాస్త్రవేత్త యారొస్లావ్ ఫ్లెగర్ సోకినవాళ్ళలో రోడ్డు ప్రమాదాలు ఎక్కువని 2002లో రాశాడు, కానీ న్యూజిలాండ్‌లో ఒకే ఊళ్ళో పుట్టినవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ప్రవర్తనకూ దీనికీ పెద్దగా సంబంధం కనపడలేదు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుతో సంబంధం ఉందన్న పరిశోధనలు ఉన్నాయి, అదే కారణమని మాత్రం తేలలేదు. కాబట్టి ఇంట్లో ఎవరి కోపానికో, దిగులుకో పిల్లిని కారణం చేయకండి, మానసిక వైద్యుడు రాసిన మందులు దీన్ని చదివి అస్సలు ఆపకండి.

నిజంగా జాగ్రత్త పడాల్సింది గర్భంలో ఉన్న బిడ్డ కోసం, అదీ తల్లికి మొదటిసారి ఈ సమయంలోనే సోకితే. పిల్లి విసర్జించాక ఆ గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, అందుకే పిల్లి పెంట రోజూ తీసేయాలి, తీసేది గర్భిణి కాకూడదు. పిల్లికి పచ్చి మాంసం ముక్కలు వేయకండి, ఉడికించిందే పెట్టండి, ఎలుకల వేటకు పోనీయకండి.

మా ఇంట్లో అసలు సమస్య స్లాబు పనికి పోయించిన ఇసుక కుప్ప. పొద్దున లేచి చూస్తే అక్కడక్కడా చిన్న గుంతలు తవ్వి, పైన ఇసుక గోకి కప్పిన గుర్తులు, సాయంత్రం కాగానే వాడకట్టు పిల్లలంతా ఆ ఇసుకలోనే ఆట. పట్టా కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం, చేతులు సబ్బుతో కడిగాకే ఎవరికైనా తిండి.

ఇక మటన్ లోపలిదాకా ఉడకాలి. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట కడగకుండా కొత్తిమీర తరగొద్దు, ఆకుకూరలు రెండు మూడు నీళ్ళు మార్చి కడగండి. చాలామందికి ఇది పిల్లిని నిమిరితే కాదు, ఇలా తిండి, మట్టి ద్వారానే వస్తుంది.

అనుమానముంటే డాక్టరును అడిగి ఐజీజీ, ఐజీఎమ్ రక్తపరీక్షలు చేయించండి. ఇవి సోకినప్పుడు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు, వీటిలో ఐజీఎమ్ ముందు వస్తుంది. ఐజీఎమ్ ఒక్కటే పాజిటివ్ వచ్చిందని ఏడవొద్దు, అది నెలల తరబడి అలాగే ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ ఇప్పటిదా పాతదా తేల్చే ఇంకో పరీక్ష ఉంది, దాని గురించి డాక్టరునే అడగండి.