సర్పంచ్‌గా నిలబడాలనుకుంటే ముందు ఓటరు జాబితా చూడండి

2021 ఫిబ్రవరిలో దుగ్గిరాల దగ్గర మా ఊళ్లో నేను సర్పంచ్‌గా పోటీ చేశాను. ఈసారి నిలబడాలనుకునే అక్కచెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. సగం పంచాయతీలు మనకే రిజర్వు అవుతాయి, కాబట్టి వెనకాడకండి.

మీకు 21 ఏళ్లు నిండి ఉండాలి, మీ ఓటు ఆ ఊళ్లోనే ఉండాలి. మిమ్మల్ని ప్రతిపాదించే మనిషి ఓటు కూడా అదే పంచాయతీలో ఉండాలి. నేను మా తోడికోడలి చేత సంతకం పెట్టిద్దామనుకున్నాను. తీరా చూస్తే, పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆమె ఓటు పుట్టింట్లోనే ఉంది! నామినేషన్ వేసే ముందురోజు రాత్రి తెలిసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పరిశీలనలో నామినేషన్ పోయేది. ఆ టెన్షన్ మీకు వద్దు. నోటిఫికేషన్‌కు ముందే జాబితా తెచ్చుకుని వరుస నంబర్లతో సహా సరిచూసుకోండి.

ఇంటిపన్ను, కుళాయి పన్ను బాకీలు కట్టేసి రసీదులు దాచుకోండి. నామినేషన్‌తో ఇచ్చే ఆస్తులు, కేసుల వివరాల్లో ఏ ఖాళీ వదలకండి.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. నిరక్షరాస్యులైన పెద్దవాళ్లకు మీ గుర్తే మీ పేరు, అందుకే బొమ్మ చూపించి మరీ చెప్పాలి. మా పల్లెల్లో ఆడవాళ్లు పొద్దున్నే పసుపు చేలకు వెళ్లిపోతారు. నేను రాత్రి ఏడు దాటాక అరుగుల మీద కూర్చుని మాట్లాడేదాన్ని. డ్రైనేజీ గురించి అప్పుడే మనసు విప్పి చెప్పారు.

ఖర్చు రోజూ రాయండి. గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు లెక్కలు ఇవ్వాలి.