పచ్చళ్ల వాట్సాప్ అమ్మకం: రోజూ ధరలు పంపడం మానాక

రోజూ ధరల పట్టీ పంపితే జనం మ్యూట్ చేస్తారు, కొందరు నంబరే తీసేస్తారు. మన నంబరు సేవ్ చేసుకోని వాళ్లకు బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజీని ఒక లిస్టులోని అందరికీ విడివిడిగా పంపే పద్ధతి) అసలు చేరదు; ఒక్కో లిస్టుకు 256 మందే. అందుకే వారానికి మూడు పనికొచ్చే కబుర్లు, ఒక్కటంటే ఒక్కటే అమ్మకం మెసేజీగా మార్చాను.

కబురంటే ఇలా: ఆవకాయ మూడో రోజు తిరగకలపండి. ముక్క మీద నూనె తేలాలి. తేలకపోతే పప్పునూనె కాచి, పూర్తిగా చల్లార్చి పోయండి. తడి గరిటె తగిలితే బూజు పడుతుంది. దీని కింద ధర పెట్టకూడదు. పెడితే కబురు కాస్తా ప్రకటనైపోతుంది, తర్వాతిది తెరవరు.

అమ్మకం రోజు మాత్రం సూటిగా అడిగేయాలి. అరకిలో, కిలో ధరలు, కొరియర్ ఖర్చు, ఆర్డరుకు ఆఖరి తేదీ, జాడీ ఫొటో, అన్నీ ఒకే మెసేజీలో. "ధర కోసం మెసేజ్ చేయండి" అంటే అడగడానికి మొహమాటపడి చాలామంది అక్కడే ఆగిపోతారు.