ఒకే నోటుబుక్కులో ఇంటి ఖర్చు, ఊలు లెక్క

ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, అద్దె ఇల్లు ఉన్న మనిషికి స్వెటర్ అల్లే తీరిక ఎక్కడిదని అడిగేవారికి నేను రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు ఒకటి చూపిస్తాను. అందులో ఎడమ పేజీలో ఆ రోజు ఇంటి ఖర్చు, కుడి పేజీలో ఆ రోజు అల్లిన వరుసలు ఉంటాయి. ఒకసారి కుడి పేజీలో నేను 48 అని వేసుకున్న వరుసల సంఖ్యను మావారు పాలవాడి బాకీ అనుకుని నెల మొత్తంలో కలిపేశారు. అప్పటి నుంచి వరుసల సంఖ్య చుట్టూ సున్నా చుట్టడం అలవాటు చేసుకున్నాను. ఈ రెండు లెక్కలూ ఒకే చోట ఉండాలని ఎందుకంటానో, వాటిని ఎలా నడపాలో ఇక్కడ వివరిస్తాను.

ముందు ఇంటి లెక్క

చాలా ఇళ్లలో నెలవారీ ఖర్చు తప్పదు గానీ తలకిందులు చేయదు. అద్దె, పాలు, కరెంటు బిల్లు, గ్యాస్ బండ, స్కూలు వ్యాను ఎంతవుతాయో ఇంచుమించుగా అందరికీ తెలిసే ఉంటుంది. తలకిందులు చేసేది ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చిపడే ఖర్చు. ఉదాహరణకు ఒక ఇంట్లో స్కూలు ఫీజు 48,000, పుస్తకాలూ యూనిఫారాలూ కలిపి 6,000, బీమా ప్రీమియం 18,000, దసరా సంక్రాంతుల బట్టలకు 12,000 రూపాయలు అవుతాయనుకుంటే, మొత్తం 84,000. దానిని పన్నెండుతో భాగిస్తే నెలకు 7,000. ఆ ఏడు వేలనూ జీతం పడిన రోజునే వేరుచేయని ఇంట్లో నెలాఖరుకు మిగిలినట్టు కనిపించేది నిజానికి మిగులు కాదు, జూన్ నెల ఫీజు.

స్కూలు ఫీజు భాగానికి బ్యాంకులో పన్నెండు నెలల రికరింగ్ డిపాజిట్‌ను మే మొదటి వారంలో తెరవడం మంచిది, ఎందుకంటే అది మరుసటి మే నెలలో చేతికి వస్తుంది, మన రెండు రాష్ట్రాలలోనూ బడులు తెరిచేది జూన్ రెండో వారంలో కాబట్టి నాలుగైదు వారాల వెసులుబాటు ఉంటుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతోనే మొదలుపెట్టవచ్చు గానీ దాని గడువు ఐదేళ్లు కనుక ఏటా వచ్చే ఖర్చుకు అది పనికిరాదు. చిట్టీ వేసేవారు 1982 నాటి చిట్ ఫండ్ల చట్టం కింద నమోదైన చిట్టీయేనా అని ముందుగా చూసుకోవాలి. నమోదైనదైనా సరే, పాట ఏ నెలలో మనకు దక్కుతుందో ముందే తెలియదు కాబట్టి తేదీ ఖాయమైన ఫీజును చిట్టీ మీద ఆధారపెట్టడం నాకు నచ్చదు.

ఇదంతా తీసేశాక మిగిలిన దానిలో ఊలుకు ఒక పద్దు పెట్టాలి. మా ఇంట్లో అది నెలకు 300 రూపాయలు. వాడకపోతే పక్క నెలకు చేరుతుంది, మించితే మాత్రం పక్క నెల నుంచి తెచ్చుకోవడం ఉండదు. మా అమ్మ ఈ పద్దును పోపుల పెట్టెలో ఆవాల కింద దాచేది, నేను నోటుబుక్కులో దాస్తున్నాను, తేడా అంతే.

ఈ నియమం నాకు ఊరికే రాలేదు. ఒక ఏడాది తగ్గింపు ధర అనగానే నెమలిపింఛం రంగు ఊలు పద్నాలుగు ఉండలు, ఒక్కొక్కటి 110 చొప్పున, 1,540 రూపాయలు పెట్టి తెచ్చాను. ఆ నెల వ్యాను డబ్బులు పది రోజులు ఆలస్యంగా ఇవ్వవలసి వచ్చింది. మూడేళ్ల తరువాత కూడా ఆ ఉండల్లో సగం బీరువా పై అరలో కలరా ఉండల వాసన వేస్తూ ఉన్నాయి. కాబట్టి ఏది అల్లాలో నిర్ణయించుకుని, దానికి ఎన్ని గ్రాములు కావాలో లెక్కవేసుకున్న తరువాతే దుకాణానికి వెళ్లాలి.

అల్లితే డబ్బు ఆదా అవుతుందా

అవదు. ఆరేళ్ల పిల్లకు స్వెటర్ అల్లడానికి మామూలు మందం ఊలు సుమారు 300 గ్రాములు పడుతుంది. వంద గ్రాముల ఉండ 110 రూపాయలైతే ఊలుకు 330, గుండీలకు 30, మొత్తం 360. చలికాలంలో టిబెటన్లు మన ఊళ్లకు వచ్చి పెట్టే దుకాణాలలో బేరమాడితే ఇంచుమించు ఆ ధరకే ఆ సైజు స్వెటర్ దొరుకుతుంది, పైగా ఆ రోజే తొడుక్కోవచ్చు. నా శ్రమకు గంటకు ఇరవై రూపాయలు కట్టుకున్నా అల్లిన స్వెటరే ఖరీదైనది. సరిగ్గా ఒంటికి అమరేది, ఎదిగే పిల్లతోపాటు పొడిగించగలిగేది, విప్పి మళ్లీ వాడుకోగలిగేది కావాలనుకున్నవారే అల్లాలి. కొనడం చిన్నతనమేమీ కాదు.

హైదరాబాదులో నిజంగా ఊలు స్వెటర్ తొడిగే రోజులు డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని వారాలే. ఆదిలాబాదు వైపో, అరకు, లంబసింగి వైపో ఉండేవారికీ, విదేశంలో ఉన్న కూతురి బిడ్డకు పంపేవారికీ పూర్తి స్వెటర్ పనికివస్తుంది. తక్కినవారికి చేతులు లేని స్వెటర్, టోపీ చాలు. కోస్తాలో ఉన్నవారు నూలు దారంతో అల్లితే ఏడాదంతా వాడుకుంటారు.

కాలాన్ని కుట్లలో కొలవడం

తీరిక లేనివారు చేసే మొదటి పొరపాటు పనిని రోజుల్లో అంచనా వేయడం. కుట్లలో, అంటే సూది మీద ఏర్పడే ఒక్కో ఊలు ఉంగరం లెక్కన, అంచనా వేయాలి. గడియారం పెట్టుకుని ఐదు నిమిషాలు అల్లి, కుట్లు లెక్కపెట్టి, ఐదుతో భాగించండి. నాది నిమిషానికి ఇరవై. ఆరేళ్ల పిల్ల ఛాతీ చుట్టుకొలత 60 సెంటీమీటర్లు అనుకుని, వదులుకు మరో ఆరు కలిపితే 66. పది సెంటీమీటర్లకు 22 కుట్లు, 28 వరుసలు వచ్చే అల్లికలో ఇది 145 కుట్లు. 40 సెంటీమీటర్ల పొడవుకు 112 వరుసలు. అంటే ఒంటి భాగానికే 16,240 కుట్లు. ఒక్కో చెయ్యి సగటున 55 కుట్ల వెడల్పు, 84 వరుసల పొడవు అనుకుంటే రెండు చేతులకు 9,240. మొత్తం ఇరవై అయిదున్నర వేలు. నిమిషానికి ఇరవై చొప్పున ఇరవై ఒక్క గంటలకు పైమాటే.

రోజుకు ఇరవై అయిదు నిమిషాలు దొరికే మనిషికి ఇది యాభై ఒక్క రోజుల పని, అది కూడా ఎవరికీ జ్వరం రాకుండా, చుట్టాలు దిగకుండా ఉంటే. దీపావళి తరువాత మొదలుపెట్టిన స్వెటర్ డిసెంబరు దాకా పూర్తికాదని, అడ్డంకులు వస్తే సంక్రాంతి దాకా పోతుందని, అప్పటికి చలి సర్దుకుంటుందని ఈ లెక్క నాకు చెప్పింది. అందుకే వినాయక చవితి నిమజ్జనం కాగానే మొదలుపెడతాను. మొదటిసారి అల్లేవారు టోపీతో మొదలుపెట్టడం మేలు: 88 కుట్లు, యాభై వరుసలు, నాలుగు గంటలలోపు పని.

ఆ ఇరవై అయిదు నిమిషాలు ఒక్కసారిగా దొరకవు. కుక్కర్ మూడు కూతల మధ్య, పిల్లల ఈత తరగతి బయట బెంచీ మీద, ఆఫీసు బస్సులో దొరుకుతాయి. కాబట్టి ఇంటి బయటకు తీసుకువెళ్లే పని, ఇంట్లో చేసే పని వేరుగా ఉంచాలి. చూడకుండా అల్లగలిగే సాదా వరుసలు సంచిలో ఉండాలి. మెడ, చంకల దగ్గర కుట్లు తగ్గించే భాగాలు పిల్లలు పడుకున్నాక ఇంట్లోనే చేయాలి. ఎప్పుడు ఆపినా వరుస చివర ఆపాలి. వరుస మధ్యలో వదిలిన పనిని మళ్లీ పట్టుకుంటే ఏ వైపు అల్లుతున్నామో తెలియక వెనక్కు తిరిగి అల్లేసే ప్రమాదం ఉంది.

సూదులు, ఊలు

మన దుకాణాల్లో దొరికే సూదుల నంబర్లు పాత బ్రిటిష్ పద్ధతివి. నంబరు పెరిగిన కొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25 మిల్లీమీటర్లు. అమెరికా పద్ధతి దీనికి తలకిందులు, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఫోనులో చూసిన అమెరికా నమూనాకు మన 8వ నంబరు సూది పట్టుకుంటే స్వెటర్ బిగుసుకుపోతుంది. నంబరు వదిలేసి మిల్లీమీటర్లనే చూసుకోవాలి.

ఊలు కొనేటప్పుడు చీటీ మీద రంగు నంబరుతోపాటు లాట్ నంబరు కూడా ఉంటుంది. అన్ని ఉండలకూ లాట్ నంబరు ఒకటే ఉండాలి, ఎందుకంటే వేర్వేరు కాగుల్లో అద్దిన ఒకే రంగు దుకాణం దీపం కింద ఒకటిగానే కనిపించి, ఎండలో చూస్తే రెండుగా విడిపోతుంది. అవసరానికి మించి ఒక ఉండ కొనడం ఒక్క ఈ కారణంగా దుబారా కాదు. పిల్లలకు అక్రిలిక్ ఉతకడం తేలిక, కానీ వేడి ఇస్త్రీపెట్టె తగిలితే మెత్తబడి సాగి పాడవుతుంది. అసలైన ఉన్నిని వేడినీళ్లలో రుద్దితే కుంచించుకుపోతుంది.

ముందు నమూనా ముక్క

ముప్పై కుట్లు ఎక్కించి పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు అల్లండి. అల్లికలో ఉన్నవి రెండే కదలికలు. నిట్ అంటే ఊలు వెనక ఉంచి, ఎడమ సూది మీది కుట్టులోకి కుడి సూదిని ముందునుంచి వెనక్కు దూర్చి, ఊలును సూది చుట్టూ ఒకసారి తిప్పి, ఆ ఉంగరాన్ని ఇవతలికి లాగి, పాత కుట్టును ఎడమ సూది నుంచి జార్చడం. పర్ల్ అంటే ఊలు ముందుకు తెచ్చుకుని అదే పనిని ఇవతలి వైపు నుంచి చేయడం. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ అల్లితే స్వెటర్ మీద కనిపించే జడ వంటి నునుపైన ముఖం వస్తుంది.

ముక్కను ఉతికి ఆరబెట్టి, అంచులు వదిలేసి మధ్యలో పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టాలి. 22 రావలసిన చోట 20 వచ్చాయనుకోండి. రెండు కుట్లే కదా అనిపిస్తుంది. అదే చేతితో 145 కుట్లు అల్లితే 66కు బదులు 72.5 సెంటీమీటర్లు వస్తుంది, పిల్ల స్వెటర్ అన్నకు సరిపోతుంది. సన్నని సూదికి మారి మళ్లీ కొలవాలి. గంటలోపు అల్లగలిగే ఈ ముక్కను ఎగవేసి ఇరవై గంటల పనిని విప్పినవారిలో నేనూ ఉన్నాను.

పిల్లలున్న ఇంట్లో

మా చిన్నవాడు ఒకసారి సూదిని కత్తి అనుకుని లాగేశాడు. నూట నలభై అయిదు కుట్లు ఒక్కసారిగా గాలిలో నిలబడ్డాయి. అలాంటప్పుడు వేలు తగిలించకుండా, లాగకుండా, అక్రిలిక్ అయితే కుట్లు కాసేపు అలాగే నిలుస్తాయి కనుక, ముందు సన్నని సూదిని వెనక నుంచి ఒక్కొక్క ఉంగరంలో దూర్చుకుంటూ పోవాలి. ఒక కుట్టు కిందికి జారి నిచ్చెనలా విడిపోతే, కొక్కెం సూదితో అడుగున ఉన్న ఉంగరాన్ని పట్టుకుని, పైనున్న అడ్డ పోగును దానిలోంచి ఇవతలికి లాగాలి. ప్రతి అడ్డ పోగుకూ అలాగే చేస్తూ మెట్టు మెట్టుగా పైకి రావాలి.

ఇంకా మంచిది, ప్రతి ఇరవై వరుసలకూ వేరే రంగు కుట్టుదారాన్ని దబ్బనంలో పెట్టి సూది మీదున్న కుట్లన్నిటిలోంచి గుచ్చి వదిలేయడం. ఎక్కడ తప్పు జరిగినా ఆ దారం వరకే విప్పాలి, అంతకు కిందికి పోదు. ఆ వరుస నంబరును కుడి పేజీలో రాసుకోవాలి. అస్తమానం లాగేసే వయసు పిల్లలుంటే ఒంటి కొక్కెంతో అల్లే పని, అంటే మన నరసాపురం లేసు తరహా, కొన్నాళ్లు నయం. అందులో ఎప్పుడూ ఒక్క ఉంగరమే తెరిచి ఉంటుంది గనుక లాగినా పోయేది తక్కువ. సూదుల మొనలకు రబ్బరు ముక్క గుచ్చి, ఊలు ఉండను మూతున్న స్టీలు డబ్బాలో పెడితే దొర్లదు, పిల్లి ఉన్న ఇంట్లోనూ బతుకుతుంది.

పూర్తయ్యాక

స్వెటర్‌ను తడిపి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, మంచం మీద పరిచి ఆరబెట్టాలి. దండెం మీద వేస్తే చేతులు సాగుతాయి. చేతులను మణికట్టు నుంచి పైకి కాకుండా భుజం దగ్గర కుట్లు ఎత్తుకుని కిందికి అల్లితే, మరుసటి ఏడాది అంచు విప్పి నాలుగు సెంటీమీటర్లు పొడిగించవచ్చు. అందుకే మిగిలిన 30, 40 గ్రాముల ఊలును లాట్ నంబరు చీటీతో సహా ఒక కవరులో వేసి, దాని బరువును, ఖరీదును, సూది మిల్లీమీటర్లను నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టుకోవాలి. కవరును బీరువాలో పెట్టేటప్పుడు పిల్ల పేరు కూడా దాని మీద రాయండి. మా ఇంట్లో ఒకరి చేతికి ఇంకొకరి రంగు అంచు పడిన స్వెటర్ ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది.