పాత జిప్సీకి, జీపుకి ‘లో’ రేషియో ఎంచుకోవడం ఎలా?

ఒడిశా కొరాపుట్ జిల్లాలో సెమిలిగుడ, పొట్టంగి, నందపూర్, నారాయణపట్న వైపు కొండ ఊళ్ళ దారుల్లో పాత జిప్సీలు, జీపులు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. తారు రోడ్డు దిగి ఎర్రమట్టి బాట పట్టేవరకు వాటికి ఏ ఇబ్బందీ లేదు. వానాకాలంలో, వెనక అల్లం బస్తాలున్నప్పుడు, ఫోర్ లో ఫస్ట్ గేరులో దిగుతున్నా బండి ముందుకు తోసుకుంటూ పోతుంటే మాత్రం డ్రైవరుకి టెన్షన్ మొదలవుతుంది. ఊరికి రాగానే ఎవరో ఒకరు సలహా పడేస్తారు: ‘ట్రాన్స్‌ఫర్ కేస్‌లో గేర్లు మార్పించెయ్, 6.4 వేయించెయ్.’

మార్పించుకోవచ్చు. కానీ ఆ 6.4 ఎందుకు, 4.16 సరిపోదా, అసలు మార్పు అవసరమా అన్నది లెక్క వేసుకున్నాకే తేలుతుంది. లెక్క కష్టమేమీ కాదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

ముందు ఒక్క ముక్క. గేర్‌బాక్స్ నుంచి వచ్చే తిప్పుడుని ముందు, వెనక చక్రాలకు పంచేది ట్రాన్స్‌ఫర్ కేస్. అందులో మామూలు దారికి ‘హై’, కష్టమైన దారికి ‘లో’ అని రెండు రేషియోలుంటాయి. ‘ఫోర్ లో’ అంటే నాలుగు చక్రాలకీ ‘లో’. రేషియో 2.268 అంటే లోపలికి వచ్చే షాఫ్టు 2.268 చుట్లు తిరిగితే బయటికి ఒక చుట్టు వస్తుంది. అంకె పెరిగేకొద్దీ బండి నెమ్మదిస్తుంది, లాగే బలం పెరుగుతుంది.

1. గెడ్డ దాటాలా, కొండ దిగాలా?

మంచి మిస్త్రీ మొదట అడిగే ప్రశ్న ఇదే. బండి ఎక్కువగా ఇసుకలో, బురదలో, గెడ్డల్లో తిరిగేదైతే మరీ చిన్న గేరు (అంటే అంకె పెద్దది, వేగం తక్కువ) వల్ల లాభం తక్కువ. అక్కడ చక్రం కాస్త వేగంగా తిరిగి పట్టు వెతుక్కోవాలి. రాళ్ళ మీద ఎక్కాలన్నా, బరువుతో నిటారు బాట దిగాలన్నా చిన్న గేరు పనికొస్తుంది. దేవమాలి 1,672 మీటర్ల ఎత్తుతో ఒడిశాలోకెల్లా పెద్ద కొండ. ఆ చుట్టుపక్కల ఊళ్ళ బాటల్లో ఎక్కడం కంటే దిగడమే పెద్ద పరీక్ష. ఎక్కలేకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు ఆగకపోతేనే ప్రమాదం. అందుకే మన దారులకు రేషియో చూసేటప్పుడు దిగుడు లెక్కే ముందు వేయాలని నా అభిప్రాయం.

2. ఇప్పుడు బండిలో ఏముందో కొలవండి

ఇక్కడ ఓపిక పట్టాలి. పాత బండి నాలుగు చేతులు మారి వస్తుంది. కేసు ఏ బండిదో, క్రౌన్ పినియన్ (ఎక్సిల్ మధ్యలో ఉండే గేర్ల జత) ఏ బండిదో అమ్మినవాడికీ తెలియదు. ఆర్సీ చూసి, మోడల్ పేరు విని రేషియో నమ్మకండి.

క్రౌన్ కొలవడం తేలిక. చదునైన చోట బండి ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్ళు అడ్డం పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి ఉండాలి. వెనక ఒక చక్రాన్ని జాకీతో లేపి, రెండోది నేల మీదే ఉంచండి. లేపిన టైరుకి, ప్రొపెల్లర్ షాఫ్టుకి (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ఎక్సిల్‌కి వెళ్ళే షాఫ్టు) సుద్దముక్కతో గీత పెట్టండి. టైరుని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో పక్కన ఇంకొకరిని లెక్కపెట్టమనండి. రెండో చక్రం కదలదు కాబట్టి, డిఫరెన్షియల్ లక్షణం వల్ల, ఇటు రెండు చుట్లంటే క్రౌన్‌కి ఒక చుట్టు. షాఫ్టు నాలుక్కి కాస్త తక్కువ తిరిగితే 3.909 కావచ్చు, అంటే క్రౌన్‌కి 43 పళ్ళు, పినియన్‌కి 11. అయిదుంపావు దాటి తిరిగితే పాత జీపుల 5.38, అంటే 43కి 8. ఎప్పుడైనా హౌసింగ్ విప్పితే పళ్ళు లెక్కపెట్టుకుంటే అనుమానమే ఉండదు.

ట్రాన్స్‌ఫర్ కేస్ కొలవాలంటే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఊడదీయాలి. ఇక్కడ జాగ్రత్త: పాత జీపుల్లో, తొలి సుజుకీ కేసుల్లో హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకే ఉంటుంది. షాఫ్టు ఊడదీశాక ఆ హ్యాండ్‌బ్రేక్ ఎంత లాగినా చక్రాలను ఆపదు. నాలుగు చక్రాలకీ అడ్డం పెట్టకుండా కిందకి దూరకండి. తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి, నాలుగో గేరు వేసి, ‘లో’లో పెట్టండి. జిప్సీలో నాలుగో గేరు డైరెక్టు, అంటే 1కి 1. క్రాంక్ పుల్లీని పానాతో తిప్పుతూ, వెనక ఫ్లాంజ్ 10 చుట్లు పూర్తయ్యేసరికి పుల్లీ ఎన్ని చుట్లు తిరిగిందో చూడండి. 22 ముప్పావుకి కాస్త తక్కువైతే 2.268. 25 దాటితే 2.511. 41 దాటిందంటే మీకంటే ముందే ఎవరో 4.16 గేర్లు వేయించేశారు, డబ్బు మిగిలినట్టే!

3. లెక్క

ఫస్ట్ గేరు, ట్రాన్స్‌ఫర్ లో, క్రౌన్ – ఈ మూడు రేషియోలను గుణిస్తే మొత్తం రేషియో వస్తుంది. ఇంజిన్ ఐడ్లింగ్ ఆర్‌పీఎమ్‌ని టైరు చుట్టుకొలతతో (మీటర్లలో) గుణించి, 60తో గుణించి, 1000తోనూ మొత్తం రేషియోతోనూ భాగిస్తే యాక్సిలరేటర్ తొక్కకుండా బండి గంటకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో తెలుస్తుంది.

1298 సీసీ జిప్సీ చూద్దాం. ఫస్ట్ గేరు 3.652, లో 2.268, క్రౌన్ 3.909 అనుకుంటే మొత్తం 32.4. టైరు 205/70 ఆర్15 అయితే చుట్టుకొలత 2.1 మీటర్లు. ఐడ్లింగ్ 850 దగ్గర గంటకు 3.3 కిలోమీటర్లు.

అదే బండిలో లో మాత్రం 4.16కి మారిస్తే మొత్తం 59.4, వేగం 1.8 కిలోమీటర్లు. 4.9 అయితే 1.5. 6.4 అయితే 1.2.

2.268 నుంచి 4.16కి వెళ్తే గంటకు కిలోమీటరున్నర తగ్గింది. 4.16 నుంచి 6.4కి వెళ్తే తగ్గింది ఆరు వందల మీటర్లే. ఆ ఆరు వందల మీటర్ల కోసం ఎక్సిల్ మీద పడే తిప్పుడు బలం మళ్ళీ సగానికి పైగా పెరుగుతుంది. సంతకి సరుకు తీసుకెళ్ళే బండికి అది అక్కర్లేదు.

టైరు మారిస్తే లెక్క మారుతుంది. 235/75 ఆర్15 వేస్తే చుట్టుకొలత 2.3 మీటర్లు అవుతుంది, దాదాపు 10 శాతం ఎక్కువ. అంటే పెద్ద టైరు వేసిన రోజే మీ గేర్లన్నీ 10 శాతం పెద్దవైపోయాయి. ‘టైరు మార్చాక బండి లాగట్లేదు, ఇంజిన్ పోయిందేమో’ అని కార్బ్యురేటర్ విప్పించేవాళ్ళు ఈ సంగతే మర్చిపోతారు.

4. ఏది తీసుకోవాలి?

జిప్సీ కేసులో ‘హై’ కూడా 1కి 1 కాదు. సుజుకీ ఎస్‌జే413 మోడల్ తరహా కేసులో హై 1.409, లో 2.268. దానికి ముందున్న ఎస్‌జే410 తరహాలో హై 1.580, లో 2.511. కాబట్టి సుజుకీకి గేరు సెట్టు కొనేటప్పుడు లో అంకె ఒక్కటే అడిగితే చాలదు, హై ఎంతో కూడా అడగాలి. 4.16 సెట్లలో ఎక్కువగా దొరికేది హై అంకె కూడా 12 శాతం పెరిగే రకం.

ఆ 12 శాతం మంచిదా చెడ్డదా అన్నది టైరుని బట్టి ఉంటుంది. కంపెనీ టైర్లతో అయిదో గేరులో 80 మీద వెళ్తే ఇంజిన్ సుమారు 2,800 ఆర్‌పీఎమ్ దగ్గర తిరుగుతుంది. అదే టైర్లతో హై 1.58కి మారిస్తే 3,100 దాటుతుంది. జయపురం నుంచి సాలూరు మీదుగా విజయనగరం దాకా తరచూ వెళ్ళేవాళ్ళకి ఆ రొద, పెట్రోలు ఖర్చు రెండూ తెలుస్తాయి. 235/75 టైర్లుంటే మాత్రం 2,840 దగ్గరే ఉంటుంది, అంటే కంపెనీ ఇచ్చినట్టే. పెద్ద టైర్లున్న జిప్సీకి హై, లో అంకెలు రెండూ పెరిగే సెట్టే సరైన జోడీ.

చవగ్గా పని కావాలంటే ఇంకో దారి ఉంది. పాత ఎస్‌జే410 కేసు గేర్లు 413 కేసులోకి మార్పించుకోవడం. హై అంకె 12 శాతం, లో అంకె 11 శాతం పెరుగుతాయి. టైరు పెంచినందుకు పోయిన బలం తిరిగి వస్తుంది, అంతకు మించి ఆశించకూడదు. రాళ్ళ పోటీలకు వెళ్ళేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు 4.16 దగ్గర ఆగిపోవచ్చు.

మహీంద్రా జీపు వాళ్ళకి నేను చెప్పేది వేరు. స్పైసర్ 18 రకం కేసులో హై 1కి 1, లో 2.46. మూడు గేర్ల టీ-90 గేర్‌బాక్స్ ఫస్ట్ 2.798, క్రౌన్ 5.38 ఉంటే మొత్తం 37. డీజిల్ ఇంజిన్ 700 దగ్గర, 6.00-16 టైర్లతో గంటకు 2.6 కిలోమీటర్లు. పైగా డీజిల్‌లో గవర్నర్ ఉంటుంది, బరువు పడినా ఐడ్లింగ్ పడిపోకుండా పట్టుకుంటుంది. ఇలాంటి బండికి గేర్లు మార్చే ఖర్చు దండగ. హైవే కోసమని ఎవరైనా అంకె తక్కువున్న క్రౌన్ వేయించి ఉంటే, దాన్ని తిరిగి 5.38కి తెస్తే చాలు. ఇంకా కావాలనుకుంటే ఈ కేసుకి 3.15 లో గేరు సెట్టు ఉంది, హై మారదు. కొనేముందు మీ కేసులోని మధ్య షాఫ్టు లావు వెర్నియర్‌తో కొలవండి. ఈ రకంలో వేర్వేరు లావుల షాఫ్టులు వచ్చాయి, ఒకదాని గేరు ఇంకోదానికి ఎక్కదు.

5. బలం ఎక్కడ పడుతుందో చూసుకోండి

లో 2.268 నుంచి 4.16కి వెళ్తే చక్రాల వైపు తిప్పుడు బలం 83 శాతం పెరుగుతుంది. కేసు తట్టుకున్నా, దాని తర్వాతివన్నీ తట్టుకోవాలి కదా. జిప్సీలో మొదట పోయేవి ముందు ఎక్సిల్ చివరి సీవీ జాయింట్లు (చక్రం పక్కకి తిరిగినా తిప్పుడు అందించే కీళ్ళు), అదీ స్టీరింగ్ పూర్తిగా తిప్పి రాయి మీదకి ఎక్కించేటప్పుడు. తర్వాత ప్రొపెల్లర్ క్రాసులు. జిప్సీ కేసు గేర్‌బాక్స్‌కి విడిగా మూడు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతుంది. పాతబడి చీలికలొచ్చిన రబ్బర్లుంటే కేసు మెలితిరిగి షాఫ్టుల కోణమే మారిపోతుంది. గేర్లతో పాటు ఆ మూడు రబ్బర్లూ మార్పించండి, బేరమాడకండి.

సెట్టు ఆర్డరు పెట్టేముందు అమ్మేవాణ్ణి అడగాల్సినవి: ఇన్‌పుట్ షాఫ్టుకి గాళ్ళు ఎన్ని, బేరింగులు, ఆయిల్ సీళ్ళు సెట్టులో ఉన్నాయా, కేసు లోపల ఎక్కడైనా గ్రైండింగ్ చేయాలా. చివరి ప్రశ్నకి జవాబు ‘అవును’ అయితే, రాయగడలోనో జయపురంలోనో ఆ పని తెలిసిన చేయి దొరికాకే డబ్బు కట్టండి.

6. బిగింపు, కాగితాలు

జిప్సీ కేసు దింపడం ఒక పూట పని. విప్పినప్పుడు వచ్చిన వాషర్లు, సర్‌క్లిప్పులు వచ్చిన వరసలోనే ఒక గోనె మీద పేర్చుకుంటూ పోవాలి. గ్రైండింగ్ చేసిన కేసుని డీజిల్‌తో కడిగి, అయస్కాంతం తిప్పి చూడండి. ఇనుప రజను ఒక్క చిటికెడు మిగిలినా కొత్త బేరింగుని తినేస్తుంది. ఆయిల్ జీఎల్-4, 80డబ్ల్యూ90, పక్క ప్లగ్గు నుంచి కారేదాకా పోయాలి. స్పీడోమీటర్ కేబులు అవుట్‌పుట్ షాఫ్టు వైపు నుంచి వస్తుంది కాబట్టి ఈ గేర్ల వల్ల రీడింగ్ మారదు. టైరు, క్రౌన్ మారిస్తేనే మారుతుంది.

కాగితాల సంగతి: మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండి అసలు స్వరూపం మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పులు కుదరవని చెప్పింది. కేసు లోపలి గేర్లు బయటికి కనిపించవు కదా అనుకోకుండా, మీ ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర ముందే అడిగి పెట్టుకోండి. పెద్ద టైర్లయితే కనిపించేవే.

7. మొదటి పరుగు

ఖాళీ బండితో, పొడి మట్టి బాట మీద మొదలుపెట్టండి. తారు మీద ఫోర్ లో వద్దు, ముందు వెనక ఎక్సిళ్ళు ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి. ముందు చక్రాల లాకింగ్ హబ్బులు వదిలేస్తే లో వెనక చక్రాలకే వెళ్తుంది. ట్రాలీ రివర్స్ చేసేటప్పుడు అది బాగుంటుంది, కానీ బలమంతా వెనక ఎక్సిల్ ఒక్కదానికే పడుతుంది కాబట్టి క్లచ్ మెల్లగా వదలాలి.

తర్వాత తెలిసిన దిగుడు ఒకటి ఎంచుకోండి. ఫోర్ లో, ఫస్ట్ గేరు, కాళ్ళు రెండూ పెడళ్ళ మీంచి తీసేయండి. పక్కన నడిచే మనిషి బండిని దాటి ముందుకు వెళ్ళగలిగితే రేషియో సరిపోయింది. దిగుతుంటే లో లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి జారిందా, వెంటనే బ్రేకు తొక్కి ఆపండి, ఇంటికి హైలోనే వెళ్ళండి. లోపల ఫోర్క్ గానీ, లాక్ స్ప్రింగ్ గానీ సరిగా కూర్చోలేదు, కేసు మళ్ళీ దింపాల్సిందే. అలాంటిదేమీ లేకపోతే అయిదారు వందల కిలోమీటర్లకి మొదటి ఆయిల్ దింపేసి, ప్లగ్గుకి అంటిన రజను చూడండి. మెత్తటి బూడిదలా ఉంటే మామూలే, గేర్లు కుదురుకుంటున్నాయి. గోరుకి తగిలే పెచ్చులుంటే బండి కొండెక్కించకుండా నేరుగా మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళండి.